నూట అరవై పోగులు

మండిబజారులో పాతసామాను తూకానికి పోయే ముందు
ఏరుకొచ్చాను, అరచేతంత యంత్రాలు మూడు.
రెండొందలు.
ఒకప్పుడు ఇస్త్రీ చొక్కాల జేబుల్లో
దర్జాగా తిరిగినవే.
ఇప్పుడు ఒకదానికి మూత లేదు,
ఒకదాని మొఖం నిండా గీతలు,
రాసే పుల్ల మూడింటికీ లేదు.

కొత్తవాడలో చందక్కది గుంటమగ్గం.
మోకాళ్లు దిగినంత సులువుగా పైకి రావు.
ట్యాంకు నిండి పక్కింటి గోడ తడిసేదాకా
మోటరు మీట దగ్గరికి చేరుకోలేదు.
లైటూ అంతే. ఫ్యానూ అంతే.
"గుంటల కూసోనే అన్నీ ఎయ్యొచ్చక్కా" అన్నాను.

"గిది ఫోనా?"
కాదు.
"మాట్లాడదా?"
మాట్లాడదు.
"అట్లయితే పెట్టు."

నాలుగు రాత్రులు పట్టింది.
దూలానికి రిలే పెట్టె, మగ్గం కొయ్యకు యంత్రం.
దాని నెత్తిన ఒక నల్లటి కన్ను,
కంటికి కనపడని వెలుగుతో సైగ చేస్తుంది.
నడుమ నూలు చిలపలు ఆరేస్తే
పెట్టెకు ఆ సైగ అందదు.
మొదటి రోజంతా నేను సర్క్యూటును తిట్టాను.
చందక్క లేచి చిలపలు పక్కకు జరిపింది.
టిక్. లైటు.

యంత్రానికి తెలుగు రాదు.
ఇంగ్లీషూ దానికి నచ్చినట్టే రాయాలి,
దాని 'ఏ'కు అడ్డగీత ఉండదు.
నేను ఇంగ్లీషులో పేర్లు పెట్టి చూపిస్తే
"ఎవలింటి మీటలివి?" అంది.
తర్వాత అడిగింది,
ఆ అద్దంలో ఎన్ని చుక్కలున్నయని.
నిలువు నూట అరవై, అడ్డం నూట అరవై.
"నూట అరవై పోగులా! గంతేనా?
నా జంపఖానా అంచుకే చాలవు."

గళ్ల కాగితం మీద పెన్సిలుతో కూర్చుంది.
నెమలికీ ఏనుగుకీ గళ్లు లెక్కపెట్టిన వేళ్లు
'ఫ్యాను'కు లెక్కపెట్టాయి.
యవత్తుకు చోటు చాలక
'లైటు' దగ్గర రెండు గళ్లు అప్పు తీసుకుంది.
'మోటరు' ఒక్కసారికే వచ్చింది.
నేను రాత్రంతా ఒక్కో చుక్కా ఎక్కించాను.
పొద్దున అద్దంలో మూడు మాటలు,
కొంచెం నేసినట్టు, కొంచెం రాసినట్టు.

చీపురుపుల్లతో నొక్కుతుంది.
చేతిలో పంజా ఉంటే దాని పిడితోనే.
అట్లా వద్దక్కా, పగులుతుందంటే
"రెండున్నయి గద ఇంకా" అంటుంది.

ఆ రెండూ ఏమీ గుర్తులేకుండానే దొరికాయి.
ఇది మాత్రం మరిచిపోని రకం.
లోపల ఎవరో మందుల కంపెనీ మనిషి,
ఇరవయ్యేళ్ల కిందటి మంగళవారాలు.
"హుజూరాబాద్ బాకీ, మూడు వేలు."
"ఉమకు రబ్బరు చెప్పులు, ఆరో నంబరు."
"పరకాల, పిల్లల డాక్టరు, నాలుగింటికి."
అన్నీ చెరిపేశాను.
చివరిది చెరపబోతుంటే
చందక్క నా చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ. ఆయనకు పనున్నది."

ఇప్పుడు మంగళవారం నాలుగింటికి
మగ్గం కొయ్య మీద కూత.
పంజా ఆగుతుంది.
మోకాళ్లు తిట్టుకుంటూ గుంటలోంచి పైకి వచ్చి
చందక్క ఛాయ పెడుతుంది.
ఏ గుంటలోంచి లేవకూడదని ఇదంతా చేశానో
ఆ గుంటలోంచే.

నిన్న నేనున్నప్పుడే కరెంటు పోయింది.
యంత్రం మాత్రం వెలుగుతూనే ఉంది.
చెమట తుడుచుకుంటూ 'ఫ్యాను' నొక్కింది,
ఆ మాట నల్లబడి మళ్లీ తెల్లబడింది.
రెక్కలు కదల్లేదు.
"నీ తీర్గనే ఉన్నది తమ్మీ," అంది,
"ఊ అనుడైతే అంటది."